పచ్చబడే ఫైళ్ళు

ఆ రోజు పొద్దున అటెండరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. రికార్డు గది అడుగు అరల్లో దాచిన విత్తనపు బంగాళాదుంపలను గోనెసంచిలోకి ఎత్తాలి, ఇంటికి మోసుకెళ్ళి మర్నాడు నాటాలి. వాన పడి నేల మంచి పదును మీద ఉంది. నాలుగు రోజులు దాటితే ఆ పదును పోతుంది.

అది వాళ్ళ అమ్మ చేతి విత్తనం. మట్టి కడక్కుండా, ఎండుగడ్డి పరిచి, వారం వారం చేత్తో తడిమి కుళ్ళినవాటిని ఏరేస్తూ కాపాడుకోవాలి. వెలుగు తగలకూడదు. అంత చల్లని చీకటి గది ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి? ఫైళ్ళ జోలికి ఆమె పోలేదు, ఆ మాటకొస్తే ఆఫీసులో ఎవరూ పోలేదు.

సంచి విప్పుతుండగానే కొత్త ఆఫీసరు ఊడిపడ్డారు.

"ఏంటమ్మా ఈ చీకటి? నాలుగు ట్యూబ్‌లైట్లు పెట్టిస్తున్నా."

ఆమె గబుక్కున అరలకు అడ్డం నిలబడింది. "వద్దు సార్! వెలుగు తగిలితే పచ్చబడిపోతాయి!"

"ఏవి?"

"ఇంకేవి సార్... ఫైళ్ళు."

ఆఫీసరు ముఖం పాలిపోయింది. కాగితాలు పచ్చబడటమంటే బూజే! అరగంటలో గదికి తాళం, తాళానికి లక్క సీలు పడ్డాయి. పై ఆఫీసుకు ఫోను వెళ్ళింది. మధ్యాహ్నానికి సిబ్బందంతా ముక్కులకు రుమాళ్ళు కట్టేశారు. హెడ్ క్లర్కయితే తన గోళ్ళు కూడా పచ్చబడుతున్నాయని సెలవు చీటీ రాసిచ్చి చక్కా పోయాడు.

నాలుగో రోజున బూజు నిపుణురాలు వచ్చి సీలు విప్పించింది. అడుగు అరల నిండా గడ్డి, గడ్డిలో దుంపలు, దుంపలకు పొట్టి పొట్టి మొలకలు.

"ఎవరివివి?" ఆఫీసరు గుమ్మంలోంచే అరిచారు.

ఇక దాచి ఏం లాభం? "నావే! మా అమ్మ విత్తనం. మెమో ఇస్తారా, ఇచ్చుకోండి. ఉద్యోగం పీకేస్తారా, పీకేయండి. ఇవి మాత్రం ఇవాళ నేలలో పడాల్సిందే!" అంటూ అటెండరమ్మ అక్కడే చతికిలబడి ఒక్కొక్కటే సంచిలోకి ఏరసాగింది.

ఈలోగా నిపుణురాలు పై అరలోంచి ఓ కట్ట లాగింది. చెమ్మకు కాగితాలు అట్టకట్టి, నిజంగానే పచ్చగా బూజు పట్టి ఉన్నాయి. ఇంకో కట్టా అంతే.

"దీన్ని ముందుగా పసిగట్టిందెవరు? వాళ్ళకి ప్రశంసాపత్రం రాయాలి."

ఆఫీసరు అటెండరమ్మను చూపించారు.

"పత్రం సంగతి తర్వాత మేడమ్," అందామె లేస్తూ. "సార్, మీరా సంచి రెండో కొస పట్టుకోండి. పొద్దు పోతోంది."

ఆఫీసరు పట్టుకున్నారు. పాతికేళ్ళ సర్వీసులో ఆయన సొంత చేతులతో చేసిన మొదటి పని అదేనట.