అప్రాక్సిమేట్లీ మా అమ్మాయి

మనిషీ, అతని ఫోటోలో ఉన్న మనిషీ ఒకరేనా కాదా అన్న ఇంత పెద్ద విషయాన్ని ఇన్నాళ్ళూ చూసేవాళ్ళ కళ్ళకి వదిలేశారంటే, ఈ లోకం ఎలా నిలబడిందో ఆశ్చర్యమే. ధ్రువీకరణ కార్యాలయం వారు ఆలస్యంగానైనా మేలుకున్నారు. ఇకమీదట ఒకరే అంటే చాలదు, ఎంత మటుకు ఒకరో ఇంగ్లీషులో ఒక మాట రాసి ముద్ర వెయ్యాలి. తోచిన మాట రాస్తే కుదరదు. ఆమోదం పొందిన మాటలు ఐదున్నాయి, ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. (ఫ్రేము ఒక పక్కకి ఒరిగి ఉంది. నెత్తిన పడుతుందేమోనని దాని కింద ఉన్న బెంచీ మీద నేను కూర్చోలేదు, అమ్మాయినీ కూర్చోనివ్వలేదు.)

మర్నాడు మా అమ్మాయికి నర్సింగు ప్రవేశ పరీక్ష. ఫోటోలో ఉన్నది తనేనని వీళ్ళు కాగితం ఇస్తేనే హాల్ టికెట్టు. అదీ సాయంత్రం ఐదులోపు. ఐదు దాటితే ఏడాది పోతుంది. ఏడాది పోతే పిల్ల మనసు విరుగుతుంది, మనసు విరిగితే తిండి మానేస్తుంది, తిండి మానేస్తే నర్సుగా చేరాల్సిన ఆసుపత్రిలోనే రోగిగా చేరుతుంది. ఇదంతా బస్సు దిగేలోపే ఆలోచించి పెట్టుకున్నాను.

"అమ్మా, కాస్త ఊపిరి పీల్చుకో," అంది అమ్మాయి.

కార్యాలయం పది గంటలకి షార్ప్‌గా తెరుస్తారు. (తెరిచేది తలుపు. మనుషులు పదకొండుకి వస్తారు.) నా ఇంగ్లీషు పదో తరగతితో ఆగిపోయింది కాబట్టి, వరసలో నిలబడి గోడ మీది మాటలు అమ్మాయే విప్పి చెప్పింది. ఎగ్జాక్ట్లీ అంటే వెంట్రుకవాసి తేడా లేకుండా. ప్రిసైజ్లీ అంటే కొలిచి మరీ. అక్యురేట్లీ అంటే ఎక్కడా తప్పు దొర్లకుండా. జస్ట్ అన్నా అచ్చంగా అనే, కాకపోతే మాటవరసకి, ఎవరూ పూచీ పడకుండా. అప్రాక్సిమేట్లీ అంటే కాస్త అటూ ఇటూగా.

"మొదటి మూడూ ఒకటేగా?" అన్నాను.

"ఒకటే అయితే మూడు కౌంటర్లు ఎందుకమ్మా?" అని ముందు నిలబడ్డ పెద్దాయన వెనక్కి తిరిగి కోప్పడ్డాడు. ఆయన మూడు రోజులుగా ప్రిసైజ్లీలో ఉన్నాడట.

మేం ముందు ఎగ్జాక్ట్లీకి వెళ్ళాం. గుమస్తా ఫోటో చూశాడు, పిల్లని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు.

"ఫోటోలో రెండు జడలున్నాయి. ఇక్కడ ఒకటే."

"ఇప్పుడే రెండు వేసేస్తాను సార్," అని నేను సంచిలోంచి దువ్వెన తీశాను.

"వేస్తే వెయ్యండి. కానీ ఫోటోలో అమ్మాయి నవ్వలేదు."

"ఇప్పుడూ నవ్వట్లేదు కదా సార్!" అంది అమ్మాయి.

"ఇందాక వరసలో నవ్వావు. నేను చూశాను."

మనిషి చెడ్డవాడేం కాదు, పాపం. గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఆ కుర్చీలో అతనికి ముందున్నాయన ఎవరికో ఎగ్జాక్ట్లీ అని రాసిచ్చాడట. ఆ ఎవరో మర్నాడే మీసం తీయించుకున్నాడట. రాసిచ్చినాయన ఇప్పుడు కిటికీ లేని రికార్డుల గదిలో ఉన్నాడు. ఆనాటినుంచి ఎగ్జాక్ట్లీ ముద్ర ఎవరి మీదా పడలేదు. సొరుగు తీసి చూపించాడు కూడా, కొత్త పెళ్ళికూతురిలా మిలమిలలాడుతోంది.

ప్రిసైజ్లీ కౌంటర్లో మేడమ్ చేతిలో స్కేలుంది. ఫోటోలో చెవి కొలిచింది, నాలుగు మిల్లీమీటర్లు. పిల్ల చెవి పట్టుకుని కొలిచింది, అరవై.

"పదిహేను రెట్లు తేడా ఉందమ్మా."

"మేడమ్, ఫోటో చిన్నది!"

"ఫోటో చిన్నదైతే అది ఫోటోగ్రాఫరు తప్పు. నాకు చెవి చెవే."

"పదిహేను రెట్లంటే... జబ్బేం కాదు కదా మేడమ్?" అన్నాను నేను. అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది.

అక్యురేట్లీ కౌంటరు మూసేసి ఉంది. దాని బోర్డు మీద అక్షరం తప్పు పడిందట, దిద్దేదాకా తెరవరు. జస్ట్ కౌంటరు దగ్గర వరసే లేదు. అక్కడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా రాసిస్తారు. ఆ కాగితాన్ని ఏ పరీక్షవాళ్ళూ ముట్టుకోరు. అప్రాక్సిమేట్లీకి కౌంటరే లేదు, ఆ మాట కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదట.

నాలుగున్నరయింది. పిల్ల పెదవులు ఎండిపోయాయి. ఇక లాభం లేదని సూపరింటెండెంటు గదిలోకి దూరిపోయాం. ఆయన నెమ్మదస్తుడు. ఒక కాగితం నా ముందుకు జరిపాడు. కౌంటర్లలో తేలకపోతే, కన్నతల్లి సొంత దస్తూరీతో రాసిన మాట చెల్లుతుందట. "ఈ అమ్మాయీ, ఫోటోలోని అమ్మాయీ, నా కూతురూ" అని అచ్చు వేసి ఉంది, తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత "ఒక్కరే" అని ఉంది.

"మీకంటే ఎవరికి తెలుస్తుందమ్మా? ఎగ్జాక్ట్లీ అని రాసెయ్యండి, పోతుంది," అన్నాడాయన.

అమ్మాయి హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలింది. నేను కలం పట్టుకున్నాను. ఖాళీ కింద చీమ తలకాయలంత అక్షరాలున్నాయి. చదివి చెప్పమన్నాను. "రాసిన మాటకు రాసినవారే జీవితాంతం బాధ్యులు," అని చదివాడు.

జీవితాంతం అంటే మాటలా! ఇది పుట్టినప్పుడు నర్సమ్మ స్నానానికని తీసుకెళ్ళి ఇరవై నిమిషాలకి తెచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ నేను చూడలేదు. ముక్కు వాళ్ళ నాన్నదే, కోపం నాదే, కాదనను. కానీ రేపెవరైనా స్కేలు పట్టుకొస్తే?

"ఏ మాట రాసినా చెల్లుతుందా సార్?"

"చెల్లుతుంది."

"అన్నిట్లోకీ క్షేమమైంది ఏది?"

ఆయన కళ్ళజోడు తీసి మొదటిసారి నన్ను గౌరవంగా చూశాడు. "మీరు మా ఆఫీసులో ఉండాల్సినవారమ్మా," అన్నాడు.

తలుపులోంచి కనబడుతున్న గోడ మీది మాటల్లో చివరిదాన్ని అక్షరం అక్షరం చూసి రాశాను. ముద్ర పడింది. ఐదుకి ఎనిమిది నిమిషాలుండగా పక్క కిటికీలోనే హాల్ టికెట్టు చేతికొచ్చింది.

"అమ్మా, నువ్వేం రాశావో తెలుసా?" అంది అమ్మాయి మెట్లు దిగుతూ.

"పని అయింది కదే!"

బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా అమ్మాయి వెళ్ళి ముందు కూర్చుంది.

పరీక్ష బాగా రాసింది, సీటు వచ్చింది. కాలేజీలో చేరే రోజు ఇంకో ఫారం ఇచ్చారు. ఆపద వస్తే ముందుగా ఎవరికి కబురు చెయ్యాలి అన్న చోట అమ్మాయి మా ఆడపడుచు నంబరు రాసింది.

"నేనుండగా అత్తయ్య పేరెందుకే?"

"అత్తయ్యకి ఫోన్ చేసి 'నేన్నీకు ఏమవుతాను' అని అడిగాను. 'అదేం ప్రశ్నే పిచ్చిమొహమా, అచ్చంగా నా మేనకోడలివి' అంది."

"ఏ కాగితం చూడకుండానే?"

"చూడకుండానే."

ముందూ వెనకా చూసుకోకుండా అంతేసి మాట నోరు జారిన మనిషికి రేపు ఏం ముంచుకొస్తుందోనని, అప్పటినుంచీ నాకు ఆవిడ గురించి ఒకటే బెంగ.