దిండిలో రోజువారీ ఇల్లు

గోదావరి లంకలన్నీ మునిగిన పెద్ద వరద వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది ఇది. మస్కట్‌లో పద్నాలుగేళ్ళు క్రేన్ నడిపి వచ్చిన మాణిక్యాలరావు, సొంతూరు దిండిలో తన పాత ఇంటి పక్కనే, అద్దెకివ్వడానికని కొత్త ఇల్లు కట్టాడు. ఉన్నదంతా అందులోనే పోశాడు. ఇక దాని మీదే బతకాలి.

"నెలవారీ ఇచ్చేద్దామండీ. రవికుమార్ మేస్టారు అడుగుతున్నారు," అంది భార్య సత్యదుర్గ.

"మేస్టారు నెలకిచ్చేది టూరిస్టులు నాలుగు రోజులకే ఇస్తారే," అని అతను రోజువారీ అద్దెకని ఫోనులో ఇంటి ఫొటో పెట్టేశాడు. శనివారం పొద్దున్న హైదరాబాదు నుంచి మురళీమోహన్ కుటుంబం దిగింది, ఒక్క రోజుకి.

ఆదివారం పొద్దున్న వాళ్ళు సంచులు సర్దుకుని తాళం ఇవ్వబోయారు. గుమ్మం దిగుతున్న మనుషుల్ని చూసేసరికి మాణిక్యాలరావు నోరు అలవాటు కొద్దీ అనేసింది.

"అప్పుడే ఏం తొందరండీ? మీ ఇల్లే అనుకోండి. నాలుగు రోజులుండి వెళ్ళండి."

ఆ మాట అనకపోతే ఆ ఊళ్ళో తప్పు. అన్నారని ఉండిపోతే ఇంకా తప్పు. ఆ రెండోది హైదరాబాదు వాళ్ళకి ఎవరు చెప్తారు?

మురళీమోహన్ కళ్ళు చెమ్మగిల్లాయి. సంచులు మళ్ళీ లోపల పెట్టాడు. "మీ ఇల్లే అన్నాక అద్దె మాటెత్తితే మీరు నొచ్చుకుంటారు కదండీ!" అన్నాడు.

పదకొండింటికి ట్రక్కు ఆటోలో బీరువా, మంచాలు వచ్చాయి. వెనకే రవికుమార్ మేస్టారు.

"అమ్మగారు సరేనన్నారండీ. నేనద్దెకుంటున్న అచ్చాయమ్మగారి వాటా ఖాళీ చేసేసేను."

మాణిక్యాలరావు భార్య వంక చూశాడు. ఆవిడ కొబ్బరిచెట్టు వంక చూసింది. సామానుతో వచ్చిన మనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపడం కుదరదు. "ఆయ్, రండి మేస్టారూ," అని పాత ఇంటి ముందు గదిలో బీరువా దింపించాడు.

పన్నెండింటికి, ఆదివారానికి కొత్త ఇల్లు తీసుకున్న రాజమండ్రి వాళ్ళు ఏడుగురు కారు దిగారు.

"ఆయ్, రండి రండి!"

పాత ఇంట్లో మిగిలిన గదీ, వంటిల్లూ వాళ్ళకి పోయాయి. "ఫొటోలో ఇల్లు ఇది కాదు కదండీ," అని వాళ్ళూ అద్దె ఎగ్గొట్టారు.

సాయంత్రానికి భార్యాభర్తలకి అరుగు మిగిలింది. వాన మొదలైంది.

"మనకి కూడా 'రండి' అని చెప్పండి," అంది సత్యదుర్గ, చెంగు పిండుకుంటూ. "ఎక్కడికి రమ్మంటారో."

మర్నాడు పొద్దున్నే మాణిక్యాలరావు తడిసిన చాప చంకన పెట్టుకుని, అచ్చాయమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మేస్టారు ఖాళీ చేసిన వాటా కావాలండీ."

"రోజులకైతే ఇవ్వనండోయ్!" అందావిడ.

"నెలవారీకేనండీ. అదే మంచిదని మా ఆవిడ మొదట్నుంచీ చెప్తోంది."