టీకాల ఫ్రిజ్ మీద కుట్ర

“ఒరేయ్, ఈ ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్ళు, ఇంకా చిక్కనివాళ్ళు!” అన్నాడు మా మేనేజరు, చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తూ.

మొదటి రకంలో ఇప్పటిదాకా ఒక్కడూ లేడని నేను గుర్తుచెయ్యలేదు. ఒకటో తరగతి నుంచీ వాడి పక్కన కూర్చున్న పాపానికి, వాడు మేనేజరుగా ఉన్న క్లినిక్కులోనే నేను మందులిస్తున్నాను. వెనకాల అందరూ వాణ్ణి ‘భూతద్దం సారు’ అంటారు. నలుగురిలో నేనూ ‘సార్’ అనే అంటాను. తలుపేస్తే మాత్రం ఒరేయ్ అంటే ఒరేయ్.

పేటలో చిన్న క్లినిక్కు మాది. డాక్టరమ్మ గది, ముందు హాల్లో ముప్పై కుర్చీలు, నా కౌంటరు, టీకాల గది, దాని వెనక ఫ్రిజ్ ఉన్న స్టోరు. ఆ స్టోరుకి మేనేజరు గదిలోంచి కూడా ఓ తలుపుంది. మేనేజరన్నవాడు టోకెన్ల దగ్గర తగువులు తీర్చాలి, కారే కొళాయి బాగుచేయించాలి. మావాడికి ప్రతి కొళాయి వెనకా ఓ ముఠా కనిపిస్తుంది. గోడ గడియారం ఆగిపోతే ‘నేరం జరిగిన సమయం పది ఇరవై’ అని రాసుకున్నాడు. నేను వెళ్ళి బ్యాటరీ మార్చాను.

ఈసారి సంగతి మాత్రం నవ్వులాట కాదు. టీకాల ఫ్రిజ్‌లో చల్లదనం ఎప్పుడూ రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉండాలి. పది రోజులుగా అది పొద్దున తొమ్మిదింటికి బుద్ధిగా ఐదు చూపిస్తోంది. మధ్యాహ్నానికి తొమ్మిది, పది. మెకానిక్కు వచ్చి చూసి ఫ్రిజ్ నిక్షేపంలా ఉందని చెప్పి వెళ్ళాడు. మొదటి రోజే సిస్టరు టీకాలన్నీ మంచుపెట్టెలోకి మార్చేసి, బయటినుంచి ఐసు తెప్పించి, కంటిమీద కునుకు లేకుండా కాపాడుకొస్తోంది.

మర్నాడు పైఆఫీసు మేడమ్ తనిఖీకి వస్తోంది. ఫ్రిజ్ ఎనిమిది దాటిందంటే టీకాల గది మూసేస్తారు, సిస్టర్ని ఎక్కడికో బదిలీ చేస్తారు. పేటలో తల్లులు చంటిపిల్లల్ని చంకనేసుకుని రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి పోవాలి.

“రిజిస్టర్లో సంతకం నాది సార్. మాట కూడా నాకే వస్తుంది,” అంది సిస్టరు. పదకొండేళ్ళుగా ఈ పేట పిల్లలందరికీ సూది వేసిన మనిషి ఆవిడ. నాకు చాలా బాధేసింది.

“భయపడకండి సిస్టర్. ఈ కుట్ర చాలా లోతైనది,” అన్నాడు మావాడు.

“ఎంత లోతు సార్?”

“వీధి చివర ప్రైవేటు క్లినిక్కు దాకా!”

“అది లోతు కాదు సార్, దూరం.”

మావాడు వినిపించుకోలేదు. అడుగుల గుర్తులు పడతాయని స్టోరు నేలంతా పిల్లల పౌడరు చల్లాడు. అరగంటలో ఆయమ్మ వచ్చి, “ఎవరో పౌడరు పారబోశారండీ, తుడిచేశాను,” అంది.

“సాక్ష్యం మాయం! అనుమానితుల్లో మొదటి పేరు ఆయమ్మ,” అని రాసుకుని, గది తలుపేసి నావైపు తిరిగాడు. “నిన్న పదకొండింటికి నువ్వెక్కడున్నావు?”

“నీ ఎదురుగానే. నీకే తలనొప్పి మాత్ర ఇచ్చాను.”

“సాక్షి ఎవరు?”

“నువ్వేరా నాయనా!”

“నన్ను నమ్మొచ్చా?” అని కాసేపు తనలో తనే ఆలోచించుకున్నాడు. నేను తల పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిది నుంచీ మేనేజరు జాడ లేదు. ఆ రోజు టీకాల రోజు. హాలు నిండా పిల్లల ఏడుపులు, పక్కింట్లో తాపీ పని. మధ్యలో స్టోరు వైపు నుంచి ఏవో దబదబలు వినిపించాయి కానీ అవి కూడా తాపీవాళ్ళవే అనుకున్నాం.

పన్నెండింటికి మేడమ్ వచ్చింది. నేనూ వెంట వెళ్ళాను. సిస్టరు దేవుణ్ణి తలుచుకుంటూ ఫ్రిజ్ తెరిచి, లోపలి థర్మామీటరు చూసి కళ్ళు నులుముకుంది. ఐదు!

“బాగానే ఉందిగా. పాత రిజిస్టర్లు చూపించండి,” అంటూ మేడమ్ పక్కనున్న ఇనప బీరువా పిడి తిప్పింది. తలుపు తెరుచుకోగానే నాలుగు ఫైళ్ళూ, వాటి మీద మా మేనేజరూ ఆవిడ కాళ్ళ ముందు పడ్డారు. చెమటతో చొక్కా తడిసి ముద్దయింది.

“ఎవరీయన?”

“మా మేనేజరండి,” అన్నాను బిక్కమొహం వేసి.

“బీరువాలో ఏం చేస్తున్నారు?”

“నిఘా, మేడమ్! బయట గడియ పడిపోయింది కానీ నిఘా మాత్రం ఆపలేదు. ఫ్రిజ్ ఎంతుంది సిస్టర్? ఐదా! చూశారా, నేను కాపు కాస్తున్నానని తెలిసి నేరస్థుడు దడుచుకున్నాడు!”

మేడమ్ రిజిస్టరు తిరగేస్తోంది. “మరి మిగతా పది రోజులూ తొమ్మిది, పది ఉందేమిటి?”

సిస్టరు మొహం పాలిపోయింది. మావాడు గబుక్కున అడ్డం వచ్చాడు. వాడిలో నాకు నచ్చేది అదొక్కటే.

“ఆవిడ తప్పు ఇసుమంత కూడా లేదు మేడమ్. ఈ పది రోజులూ రహస్యంగా పావుగంటకోసారి నేనే స్వయంగా తలుపు తీసి చూశాను. అనవసరంగా ఆవిడ ఒక్కసారి కూడా దాని జోలికి రాలేదు.”

“పావుగంటకోసారా?”

“ఫ్రిజ్‌ని కంటికి రెప్పలా చూసుకోమని మీరే కదా సర్క్యులర్ పంపారు. అది అందిన క్షణం నుంచీ చూస్తూనే ఉన్నాను.”

“తలుపు తీసి ఎంతసేపు చూసేవారు?”

“ఎంతో లేదు మేడమ్. వేలిముద్రలకో ఐదు నిమిషాలు, లోపలి మూలలకో...” మాట నెమ్మదించింది.

“ఈ పూట ఎన్నిసార్లు తీశారు?”

“తొమ్మిది నుంచీ బీరువాలోనే ఉన్నాను కదా, ఒక్కసారి కూడా...”

అక్కడ ఆగిపోయాడు. ఫ్రిజ్ కేసి చూశాడు, రిజిస్టరు కేసి చూశాడు, తన రెండు చేతుల కేసీ చూసుకున్నాడు. నాకు నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తోంది, జాలీ వేస్తోంది.

మేడమ్ పెన్ను తీసింది. “కారణం ఏమని రాయమంటారు?”

మావాడు చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. “నేరస్థుడు నేరం ఒప్పుకున్నాడని రాయండి మేడమ్. సిస్టరుకి దీంతో ఏ సంబంధమూ లేదని కూడా రాయండి.”

మేడమ్ రాసింది. మంచుపెట్టెలో టీకాలు భద్రంగా ఉన్నాయని చూసి, టీకాల గది ఎక్కడికీ పోదంది. సిస్టరు కళ్ళు తుడుచుకుంటూ, పది రోజుల్లో మొదటిసారి నవ్వింది. వెంటనే మావాడి జేబులోంచి ఫ్రిజ్ రెండో తాళంచెవి తీసేసుకుంది.

మావాడు మెల్లగా మేడమ్ భుజం మీదుగా కాగితంలోకి తొంగిచూశాడు.

“పట్టుకున్నదెవరో కూడా ఆ పక్కనే రాస్తే బాగుంటుంది, మేడమ్.”