పెద్దగా ఏమీ లేదు

ఫిన్లాండ్‌లో సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న పట్టణపు ఆసుపత్రిలో, జబ్బు లేనివారి కోసం ఒక ప్రత్యేక విభాగం ఘనంగా ప్రారంభమైంది. డాక్టర్ రౌనియో గారు రిబ్బను కత్తిరించి ప్రసంగించారు. "జబ్బు నటించేవారిని దొంగలని తిట్టే చీకటి రోజులు పోయాయి. జబ్బు లేకపోవడమే వీరి జబ్బు. దానికి ఆప్యాయతే మందు. పొరపాటున కూడా పరీక్షలు చేయరాదు, చేస్తే నటన ముదురుతుంది." మూలిగేవాడు నటుడనీ, మూలగనివాడు ఆరోగ్యవంతుడనీ అక్కడే నిర్ధారించారు. మెత్తటి పరుపులు, యాలకుల బన్నులు, చేయి పట్టుకుని వినే నర్సులు ఏర్పాటయ్యారు. ఇంతటి సత్కార్యానికి చోటు కావాలి కనుక మామూలు రోగుల మంచాలు తీసేశారు.

సరిగ్గా ఆ వారమే, పడవల ఇంజన్లు బాగుచేసే తౌనోకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. పెద్దమనిషికి సమయం సందర్భం తెలియదు.

"నొప్పి ఎలా ఉందండీ?" అని రౌనియో అడిగారు.

"పెద్దగా ఏమీ లేదు."

ఆ ఊళ్లో కాలిమీద గొడ్డలి పడ్డవాడు కూడా అనే మాట అదే. డాక్టరు గారు సంతోషించి ఇంటికి పంపేశారు.

భార్య ఐలి మండిపడింది. "పక్కింటి రైమోని చూడు. రోజు మార్చి రోజు గుండెపోటు తెచ్చుకుని, బన్నులు మెక్కి, బుగ్గలు పెంచుకుని వస్తున్నాడు. నీకు మూలగడం కూడా చేతకాదు. ముందు లోపల చేరవయ్యా, ఎవరో ఒకరు నీ పొట్ట చూడకపోరు."

"నలుగురిలో మూలగాలంటే సిగ్గేస్తుందే."

ఇంటి వెనక ఆవిరిస్నానాల గది సౌనాలో తలుపు వేసుకుని, ఆవిరి మధ్య ఐలి అతనికి మూలుగు నేర్పింది. నవ్వుతూనే నేర్పింది గాని, ఆమెకు చాలా భయంగా ఉంది.

మర్నాడు ఆసుపత్రిలో తౌనో మూలిగాడు. ఇంత సహజమైన నటన చూసి రౌనియో గారి కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే మంచమిచ్చారు.

"నిజంగానే నొప్పమ్మా," అన్నాడు తౌనో నర్సుతో.

"అందరూ అదే అంటారండీ," అని ఆమె ప్రేమగా బన్ను అందించింది.

పిత్తాశయం పగిలేసరికి తౌనోకు మూలిగే ఓపిక కూడా పోయింది. చెమటలు కారుతుండగా గోడవైపు తిరిగాడు. రౌనియో వంగి, ఇప్పుడెలా ఉందని అడిగారు.

"పెద్దగా ఏమీ లేదు."

వార్డంతా చప్పట్లు మోగాయి. ఆ విభాగంలో పూర్తిగా నయమైన మొదటి రోగి అతడే. పూలగుత్తి ఇచ్చి టాక్సీ ఎక్కించారు. టాక్సీ ఇల్లు చేరేసరికి తౌనో ప్రాణం పోయింది.

అంత్యక్రియలయ్యాక చర్చి హాలులో ఊరంతా కాఫీకి చేరింది. రౌనియో గారు స్వయంగా వచ్చి, "బాధగా ఉందా ఐలి గారూ?" అని అడిగారు.

ఐలి కప్పు బల్లమీద పెట్టింది. తను నేర్పిన మూలుగే గొంతుదాకా వచ్చింది. నలుగురూ చూస్తున్నారు.

"పెద్దగా ఏమీ లేదు," అంది.

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని, తలా ఇంకో బన్ను తీసుకున్నారు.