లీకేజీగా నమోదైన వీధి

మనిషి మాట నమ్మరాదనీ, గొట్టం మాట నమ్మవచ్చుననీ పట్టణ మేధో నిర్వహణ విభాగం 2011లో తీర్మానించింది. ఆ తీర్మానాన్ని మొదట అనుభవించే అదృష్టం కోరుట్లలో బీడీలు చుట్టేవాళ్లుండే ఒక వీధికి దక్కింది.

వీధి మొదట్లో పైపుకు సెన్సార్ బిగించారు. జనం ఎన్ని నీళ్లు వాడుతున్నారో అది హైదరాబాదులోని కంప్యూటర్‌కు చెబుతుంది. ఎన్ని వదలాలో నిర్ణయించి, కంప్యూటరే మోటారుతో వాల్వు తిప్పుతుంది. ఇరవై రెండేళ్లు ఆ వాల్వును చేత్తో తిప్పిన ఆగయ్యను ఎవరూ ఏమీ అడగలేదు (ఏ నల్లా కింద ఎవరి బిందె ఉంటుందో ఆయనకు తెలుసు, కాని అది సమాచారం కిందికి రాదు).

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. వీధి వీధంతా తెల్లవారకముందే నిజామాబాద్ రోడ్డు మీదికి పోయి వంటావార్పు పెట్టింది. మూడు రోజులు ఒక్క నల్లా విప్పలేదు. అక్కడ మనుషులు లేరని తేల్చుకుని, కంప్యూటర్ నాలుగో రోజు నీళ్లు ఆపేసింది (అది ఏ ఉద్యోగ సంఘంలోనూ సభ్యురాలు కాదు).

సరిగ్గా ఆ రోజే ఆ వీధి బాలవ్వ, జగిత్యాల ఆసుపత్రిలో కాన్పైన కూతురు పుష్పనూ, పసిగుడ్డునూ ఇంటికి తెచ్చింది. నల్లా విప్పితే గాలి వచ్చింది. రెండు రోజులు పక్క వీధి నుంచి బిందెలు మోసింది. నడుము పట్టేశాక విభాగం కార్యాలయానికి పోయింది. అక్కడ జనార్దన్ అనే ఒప్పంద ఉద్యోగి ఒక్కడే ఉన్నాడు (సమ్మె చేసే హక్కు ఆయన ఒప్పందంలో లేదు).

"మీ వీధిల ఎవ్వరు లేరని చూపెడుతున్నదమ్మా," అన్నాడాయన తెర చూస్తూ.

"నేనున్న గద సారూ."

"నువ్వు గిక్కడున్నవు. వీధిల లేవు."

"ఉన్నట్టు ఎట్ల రుజువు జెయ్యాలె?"

"నీళ్లు వాడాలె. సెన్సార్ చూస్తది."

"నీళ్లే రాకుంటే ఎట్ల వాడుదు సారూ?"

ప్రశ్న జనార్దన్‌కు నచ్చింది. హైదరాబాదుకు పంపుదామని రాసుకున్నాడు. అక్కడ జవాబు చెప్పేవాళ్లు సమ్మెలో ఉన్నారని గుర్తొచ్చి కొట్టేశాడు.

బాలవ్వ సమ్మె టెంటుకు పోయి ఆగయ్య ముందు కూలబడింది.

"వాల్వు తిప్పితే పని జేసినట్టయితదక్కా. సమ్మెల ఉన్న," అన్నాడాయన.

"పని అనుకోకు తమ్మీ. ఇంట్ల పచ్చి బాలింత ఉన్నది. అక్క అడిగిందనుకో."

ఆగయ్య లేచి, సమ్మె కండువా తీసి కుర్చీ మీద పెట్టి, వెళ్లి వాల్వును పాతలాగే చేత్తో తిప్పి వచ్చాడు. మళ్లీ కండువా వేసుకుని సమ్మెలో కూర్చున్నాడు.

మనుషులు లేని చోట నీళ్లు పోతే దాన్నేమంటారో కంప్యూటర్‌కు తెలుసు. నలభై నిమిషాల్లో మరమ్మతు బండి దిగింది (బస్టాండు దగ్గర పగిలిన పైపు రెండేళ్లుగా ఆ బండి కోసమే ఎదురుచూస్తోంది). బండి మేస్త్రీ రాజం (ఆయనదీ ఒప్పందమే) వీధంతా వెతికాడు. ఎక్కడా పగుళ్లు లేవు. నీళ్లొచ్చాయని విని రోడ్డు మీంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. గడప లోపల, కాళ్ల మీద పసిదాన్ని పడుకోబెట్టుకుని బాలవ్వ నీళ్లు పోస్తోంది.

"లీకేజీ ఏడున్నదవ్వా? బంద్ జెయ్యకుంటే నా నౌకరి పోతది."

బాలవ్వ చెంబు ఆపలేదు.

"రాస్కో బిడ్డా, మేమే లీకేజీ. పొద్దుగాల ఆరింటికి షురువైతం, ఏడింటికి బందైతం."

రాజం పసిదాన్ని చూశాడు. అరుగు మీద కూర్చుని నివేదిక రాశాడు: సహజ లీకేజీ, రోజూ ఆరింటి నుంచి ఒక గంట, ఆపడం సాధ్యం కాదు. కంప్యూటర్ వెంటనే ఆమోదించి, లీకేజీ కింద రోజూ గంట నీళ్లు కేటాయించింది. ఆ మర్నాటి నుంచి ఆ వీధికి ఆరింటికి నీళ్లు వస్తున్నాయి.

ఈ సంగతి తెలిసి, తమను లీకేజీగా గుర్తించాలని మరో ఏడు వీధులు దరఖాస్తు పెట్టుకున్నాయి. వారంలో అన్నీ మంజూరయ్యాయి. మనుషులుగా గుర్తించాలని అంతకుముందు పెట్టుకున్నవి ఇంకా పరిశీలనలోనే ఉన్నాయి.