ఎవరి కంటా పడకుండా ఆఫీసుకు

కార్ఖానా కాలనీలో ఉండే హరికిషన్ ఆ ఉదయం ప్రభుత్వానికి కనబడకుండా ఆఫీసుకు వెళ్లాలని నిర్ణయించుకున్నాడు. అతను బీమా ఆఫీసులో గుమాస్తా. ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని తినడం తప్ప ప్రభుత్వం కనిపెట్టదగ్గ రహస్యం అతనికి లేదు. అయినా కూడళ్లలో కెమెరాలు ముఖాలను గుర్తుపడుతున్నాయని చదివినప్పటి నుంచి అతనికి నిద్ర పట్టడం లేదు.

"నా మొఖం నాది. అడగకుంట ఫోటో దీసుడేంది?" అని అద్దాన్ని నిలదీశాడు.

మాట న్యాయమైనదే. చేసిన పనే అలా లేదు. ఫోన్ ఆపేసి, గుర్తింపు కార్డుతో సహా బియ్యం డబ్బాలో దాచాడు. నడి ఎండాకాలంలో మంకీ క్యాప్, మాస్కు, నల్లద్దాలు తగిలించుకుని, భార్య హిమజ స్నానానికి వెళ్లగానే బయటపడ్డాడు.

కెమెరాలున్న పెద్ద రోడ్డు వదిలి తిరుమలగిరి సందుల్లో దూరాడు. తిరిగి తిరిగి తేలింది మిలిటరీ వాళ్ల ప్రహరీ పక్కన. కాపలా సిపాయి ఆర్థర్ తుపాకీ సవరించుకున్నాడు.

"కౌన్ హై? కార్డ్ దిఖావ్!"

"బియ్యంల ఉంది సాబ్" అన్నాడు హరికిషన్ నిజాయితీగా.

పోలీసులు వచ్చారు.

ఇంట్లో హిమజ అన్నం వండబోతే బియ్యంలో ఫోన్ దొరికింది. నీళ్లలో పడ్డ ఫోన్‌నే బియ్యంలో పెడతారని ఆమెకు తెలుసు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆయన రాలేదన్నారు. "ఫోన్ నీళ్లల్ల పడ్డది, మనిషి సుత పడ్డడో ఏమో!" అంటూ ఆటో ఎక్కి పోలీస్ స్టేషన్‌కు పోయింది.

ఇన్‌స్పెక్టర్ నరసరాజు ముందు ఆమె ఏడుస్తుండగానే ముసుగు మనిషిని లోపలికి తెచ్చారు. హిమజ చివ్వున లేచింది.

"సార్! వాడు తొడుక్కున్న అంగి మా ఆయనది! మా ఆయనను ఏం జేసిండో అడుగుండ్రి!"

"హిమజా, నేనే!"

"చూసిండ్రా, గొంతు సుత ఆయన లెక్కనే పెడుతున్నడు!"

హరికిషన్ తొడుగులన్నీ ఊడదీశాడు. చెమటలో ఉడికిన ముఖం బయటపడగానే స్టేషనంతా నవ్వింది. కాసేపటికి అతనికీ నవ్వొచ్చింది. "గింత తెలివి దేవుడు నా ఒక్కనికే ఇచ్చిండు" అన్నాడు.

నవ్వులు ఆగాక నరసరాజు అతన్ని గోడకు ఆనించి నిలబెట్టాడు. ముందు నుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒకటి. ఆపైన వేలిముద్రలు, కంటిపాపలు.

"ఎవలకు కనబడొద్దనే గిదంత జేసిన సార్..."

"మామూలుగా వెళ్లుంటే మిమ్మల్ని ఎవరు చూసేవారండీ?"

"కెమెరా చూస్తుండె."

ఆ ముక్క ఒక్కటే ఎవరూ రాసుకోలేదు.

ముసుగు మనిషి తిరిగాడని విని జనం బెదిరిపోకుండా స్టేషన్ వాళ్లు అతని ఫోటోను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'ఇతను దొంగ కాదు' అని రాశారు. సాయంత్రానికి కార్ఖానా అంతా ఫోటో చూసింది. కింద రాసింది చదివే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది.