తోలు విడిచిన మంత్రిగారు

“ఈ క్షణం నుండి నా ఒంటి మీద నా చర్మం తప్ప మరే ప్రాణి చర్మమూ ఉండబోదు!” అని పరిశ్రమల మంత్రిగారు విలేకరుల ఎదుట ప్రకటించినప్పుడు, వెనుక నిలుచున్న పీఏగారికి కళ్లు చెమర్చాయి. ఆ వాక్యం రాసింది ఆయనే.

ఇందుకు కారణం లేకపోలేదు. తోళ్ల ఫ్యాక్టరీ మురుగుతో కాలువ ఎర్రబారిందనీ, ఆ కంపుకు ముద్ద దిగడం లేదనీ గట్టు మీది జనం మొరపెట్టుకున్నారు. ఫ్యాక్టరీ యజమాని మంత్రిగారికి స్వయానా వియ్యంకుడు. అందుచేత మంత్రిగారు ఫ్యాక్టరీని ముట్టుకోకుండా తోలునే త్యజించారు. ఇంతటి త్యాగం సామాన్యులకు సాధ్యం కాదు.

నడుమున ఉన్న బెల్టును స్వహస్తాలతో విప్పి పీఏగారికి బహూకరించారు.

“పెట్టుకోవయ్యా. వ్రతం నాది గానీ నీది కాదుగా!”

బక్కపలచని పీఏగారికి అది ఒకటిన్నర చుట్టు వచ్చింది. అయినా మురిసిపోయారు. మంత్రిగారి చలవ లేకుంటే, పాత రికార్డుల గదిలో ఎలుకలతో సహజీవనమే ఆయనకు గతి.

మంత్రిగారు ధరించిన ప్లాస్టిక్ బెల్టు చూపుకు తోలును తలదన్నేది. ఎండలకు మాత్రం పెచ్చులూడింది. మంత్రివర్గ సమావేశంలో, అధినేత రాకకు ముందు, మంత్రిగారు తృప్తిగా ఒక్క ఊపిరి పీల్చేసరికి టప్పున తెగింది. ఆయన ప్యాంటుకు బొత్తాం అందిన చరిత్ర లేదు. భారమంతా బెల్టుదే.

“ఏమయ్యా, తెగింది! నీది ఇలా ఇవ్వు!” అన్నారు వెనుక నిలుచున్న పీఏగారితో.

“ఇస్తే నాదీ జారుతుందండీ.”

“నీది జారితే ఎవడు చూడొచ్చాడయ్యా?”

ఇంతలో తలుపులు తెరుచుకున్నాయి. అందరూ దిగ్గున లేచారు. కిందటిసారి తుమ్ము అడ్డొచ్చి ఆలస్యంగా లేచిన మంత్రి ఇప్పుడెక్కడున్నదీ ఎవరికీ తెలియదు. అయినా మన మంత్రిగారు రెండు చేతులా ప్యాంటు పట్టుకుని, చిరునవ్వుతో కూర్చునే ఉన్నారు. పీఏగారి కళ్లముందు ఎలుకలు తిరిగాయి.

“ఒంట్లో బాగోలేదా?” అన్నారు అధినేత.

“బ్రహ్మాండంగా ఉందండి.”

“మరి లేవరేం?”

“ఇవాళ లేవలేనండి.”

అధినేత ముఖం పాలిపోయింది. “ఈయన వెనుక ఎంతమంది ఉన్నారయ్యా?” అని సలహాదారు చెవిలో గొణిగారు. సాయంత్రానికి మంత్రిగారు ఉప అధినేత అయ్యారు. కాలువ ఎర్రగానే పారుతోంది.

తక్కిన మంత్రులు వరండాలో పీఏగారిని చుట్టుముట్టారు. “మీ సారు ధైర్యం ఏమిటయ్యా? దాని గుట్టేమిటి?”

“గుట్టేముందండీ, అంతా ఆ ప్లాస్టిక్ బెల్టు మహిమ” అన్నారాయన, అబద్ధమాడడం చేతకాక.

మరుసటి సమావేశానికి మంత్రులందరూ ప్లాస్టిక్ బెల్టులతోనే వచ్చారు. అధినేత ప్రవేశించారు. ఒక్కరూ లేవలేదు. లేచింది పీఏగారొక్కరే, అదీ అలవాటు చొప్పున.

“మేమందరం కూర్చుంటే నువ్వు లేస్తావా? క్రమశిక్షణ లేదూ?” అని మంత్రిగారు ఆయనను రికార్డుల గదికి సాగనంపారు. మర్నాడే డ్రైవరు అక్కడికి వచ్చాడు.

“అయ్యగారు వారి తోలు బెల్టు పట్టుకు రమ్మన్నారండీ.”

పీఏగారు ఇచ్చేశారు. ఆనాటి నుండి ఆ గదికి ఎంతటి అధికారి వచ్చినా ఆయన కుర్చీలోంచి లేవడం లేదు. పై అధికారులకు ఆయనంటే హడలని వినికిడి.